విశ్వకళాపరిషత్తు, బొజ్జన్నకొండ, ఒక గుమస్తా

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాసి పంపమని సంఘం కార్యదర్శిగారు అడిగారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసిన గుమస్తాను. పుట్టింది, ప్రస్తుతం ఉంటున్నది పరవాడలోనే. అయినా ముప్పై ఆరేళ్లు కాగితాలను భద్రపరిచే పనే చేశాను కాబట్టి, ఒక జాతి తన వస్తువులను, తన కళలను ఎలా భద్రపరుచుకుంటుంది, వాటిని నలుగురికీ ఎలా చూపిస్తుంది అన్న విషయం మీద నాలుగు మాటలు రాసే సాహసం చేస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మన విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పూర్వం నుంచి ఉన్న తెలుగు పేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. ఈ పేరులోనే కళ ఉంది. ఇక్కడ కళ అంటే విద్య అని పండితులు అర్థం చెబుతారు. నిజమే. కాని పామరులకు కళ అంటే ఆట, పాట, బొమ్మ, నాటకం. ఆ సంస్థ తొలి రోజుల చరిత్ర చూస్తే పండితుల అర్థమూ పామరుల అర్థమూ రెండూ నిజమే అనిపిస్తుంది.

1926లో బెజవాడలో ఆ విశ్వవిద్యాలయం మొదలైంది. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి ఉపాధ్యక్షులు. 1930లో వాల్తేరుకు మారింది. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవిలో ఉన్నారు. తర్వాత మళ్లీ రెడ్డిగారే వచ్చి 1949 దాకా నడిపించారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు పెద్ద మనసుతో విరాళాలిచ్చి ఆదుకున్నారు. విశ్వవిద్యాలయ చిహ్నాన్ని గీసినవారు చిత్రకారులు కౌతా రామమోహన శాస్త్రిగారు. అంటే ముద్ర దగ్గర నుంచే కళాకారుడి చెయ్యి పడిందన్నమాట.

రాధాకృష్ణన్ గారి కాలంలోనే, 1933 డిసెంబరులో, రవీంద్రనాథ్ టాగూరు వాల్తేరు వచ్చి మనిషి అన్న అంశం మీద ఉపన్యాసాలిచ్చారు. 1938లో గిడుగు రామమూర్తి పంతులుగారికి విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదునిచ్చి సత్కరించింది. పంతులుగారు కొండల్లోని సవరల భాష నేర్చుకుని, ఆ భాషకు పుస్తకాలు రాసిన మహానుభావులు. ఎవరూ లెక్క చెయ్యని మనుషుల నోటి మాటను కూడా విద్యగా గుర్తించిన పెద్దాయనకు ఆ గౌరవం దక్కడం, ఆ బిరుదుకే వన్నె తెచ్చిందని నా అభిప్రాయం.

తర్వాత యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. భవనాలు సైన్యం చేతికి వెళ్లాయి. యుద్ధం ముగిశాక తిరిగి వాల్తేరు చేరుకుంది. మా నాన్నగారి తరం వాళ్లు ఆ రోజుల్లో ఊళ్లు ఖాళీ చేసి బళ్ల మీద సామాన్లు వేసుకుని వెళ్లిన సంగతి కథలుగా చెప్పేవారు.

నాటకం విషయానికి వస్తే ఇద్దరిని తలుచుకోవాలి. ఒకరు కవి అబ్బూరి రామకృష్ణారావుగారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని చూసుకుంటూనే నాటకానికి ఊపిరి పోశారు. మరొకరు రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామిగారు. రిజిస్ట్రారు ఉద్యోగమంటే ఏమిటో మనబోటివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దస్తమానం ఫైళ్లు, పరీక్షలు, నియామకాలు. అటువంటి కుర్చీలో కూర్చున్న మనిషి ప్రయోగాత్మక నాటకశాలకూ, ఆరుబయలు రంగస్థలానికీ వెన్నెముకగా నిలబడ్డారు. కళాశాలల మధ్య నాటక పోటీలు పెట్టించారు. కోస్తా జిల్లాల కుర్రవాళ్లు వాల్తేరు వచ్చి ఆడి, ఇక్కడ చూసింది తమ ఊళ్లకు పట్టుకెళ్లారు. ఊరూరా ఏకాంకికలు ఆడడానికి ఆ పోటీలు ఎంతో దోహదం చేశాయి. ఫైళ్ల మధ్య బతికే మనిషికి కళ ఎందుకని ఎవరైనా అడిగితే నేను వేణుగోపాలస్వామిగారి పేరు చెబుతాను.

మన సంఘ సభ్యులకు ఆత్రేయగారి ఎన్.జి.ఓ. నాటకం గుర్తుండే ఉంటుంది. 1953లో వచ్చిన గుమస్తా సినిమాకు అదే ఆధారం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా ఆఫీసు మిత్రులు వార్షికోత్సవానికి ఆ నాటకం వేశారు. తెరలు లాగడం నా వంతు. నెలాఖరు కష్టాలు రంగస్థలం మీద కనబడుతుంటే ముందు వరసలోని పెద్ద అధికారి కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మర్నాడు ఆఫీసులో ఎవరి గొంతూ పైకి లేవలేదు.

ఇక ప్రదర్శనశాలల సంగతి. విశ్వవిద్యాలయం వస్తువులు పోగు చేసి, వాటిని ప్రజలకు చూపించడం పాత సంప్రదాయమే. ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆష్మోలియన్ మ్యూజియాన్ని 1683లోనే తెరిచింది. మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1937లో అశుతోష్ మ్యూజియం పెట్టింది. అందులో విగ్రహాలతో పాటు, బెంగాలు పల్లె ఆడవాళ్లు పాత చీరల మీద కుట్టిన బొంతలు, ఊరూరా తిరిగి కథలు చెప్పే పటచిత్రకారుల పటాలు కూడా చేర్చారు. కాశీలో రాయ్ కృష్ణదాస్ గారు 1920లో ప్రారంభించిన భారత కళాభవన్ 1950లో హిందూ విశ్వవిద్యాలయంలో భాగమైంది. మన వాల్తేరులో డాక్టర్ వి.ఎస్. కృష్ణ గ్రంథాలయంలో తాళపత్ర గ్రంథాలున్నాయి. నగరంలో 1991లో బీచి రోడ్డు మీది పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం తెరిచారు.

వస్తువును అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే సగం పనే అయినట్టు. దాని కథ మనుషులకు చెప్పడం రెండో సగం. ఈ రెండో సగం జరగకపోతే ఏమవుతుందో నా అనుభవమే సాక్ష్యం.

మా అమ్మగారి పుట్టిల్లు అనకాపల్లి దగ్గర. చిన్నప్పుడు ప్రతి సంక్రాంతికీ అక్కడికే వెళ్లేవాళ్లం. కనుమనాడు జనమంతా శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండకు తీర్థానికి పోయేవారు. చెరుకు ముక్కలు, జీళ్లు, రంగులరాట్నం. కొండ దగ్గర పొట్టలాగా ఉబ్బెత్తుగా ఒక కట్టడం ఉండేది. అది రాక్షసుడి బొజ్జ అనీ, రాయి విసిరితే పుణ్యమనీ పెద్దలు చెప్పారు. నేనూ విసిరాను. గురి తప్పకుండా తగిలిందని మా మావయ్య వీపు తట్టి జీళ్లు కొనిపెట్టాడు.

ఆ కొండ బౌద్ధ క్షేత్రమని, శంకరం అన్న పేరు సంఘారామం నుంచి వచ్చిందని, 1907 ప్రాంతంలోనే అలెగ్జాండర్ రీ అనే దొరగారు అక్కడ తవ్వకాలు జరిపించారని నాకు ఎంతో కాలం తర్వాత తెలిసింది. కొండను తొలిచిన గుహలు, రాతిలోనే మలిచిన స్తూపాలు, ఇటుకల విహారాలు అన్నీ పుస్తకాలకెక్కాయి. నేను రాయి విసిరేనాటికి ఆ తవ్వకాలు జరిగి యాభై ఏళ్లు దాటింది. పుస్తకాల్లో ఉన్న సంగతి కొండ కింద ఉన్న మా మావయ్య దాకా రాలేదు. ఆయన దుర్మార్గుడు కాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. తరువాతి కాలంలో ఇన్‌టాక్ సంస్థవారు, చరిత్ర తెలిసినవారు ఊళ్లో తిరిగి, జనానికి నచ్చజెప్పి ఆ రాళ్లు విసిరే ఆచారాన్ని మాన్పించారు. చట్టం బోర్డు చెయ్యలేని పని మంచి మాట చేసింది.

రెండో అనుభవం రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. ఈ వయసులో దాచుకుని ఏం చేస్తాను?

మా వీధిలో ఒక తప్పెటగుళ్ల కళాకారుడు ఉండేవాడు. మేమంతా గురువుతాత అనేవాళ్లం. రొమ్ముకు రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో బృందాన్ని ఆడిస్తుంటే తెల్లవార్లూ కళ్లార్పకుండా చూసేవాళ్లం. ఒకసారి నగరంలో ఏదో ఉత్సవానికి బృందాన్ని పిలిచి, శాలువా కప్పి, ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆయనకు చదువు రాదు. నా దగ్గరికి తెచ్చి చదివించుకున్నాడు. పత్రంలో పరవాడ తప్పెటగుళ్ల బృందం అని ఉంది. ఆయన పేరు లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. బాగుంది తాతా అన్నాను.

1994లో ఆయన వృద్ధ కళాకారుల పింఛనుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. కాగితం తిరిగి తిరిగి నా సీటుకే వచ్చింది. జతపరిచిన ఆధారం ఆ పత్రమొక్కటే. దరఖాస్తుదారుని పేరు లేనందున ఆధారం చాలదని నేనే అభ్యంతరం రాశాను. నిబంధన ప్రకారం అది సరైనదే. పై అధికారికి నోటు పెట్టి, ఈయన కళాకారుడని ఊరంతటికీ తెలుసు, విచారణ చేయించి నిర్ణయించవచ్చు అని రెండు వాక్యాలు రాసి ఉండవచ్చు. రాయలేదు. సొంత ఊరి మనిషికి సాయం చేశాననే మాట వస్తుందేమోనని భయపడ్డాను. కాగితాలు రెండోసారి తిరిగి వచ్చేలోపే తాత పోయాడు. ఆయన తప్పెటను ఏం చేశారో ఎవరికీ తెలియదు. పాత ఇనుప సామాన్లవాడు పట్టుకుపోయి ఉంటాడు.

చిన్నప్పుడు రాక్షసుడి బొజ్జ మీద విసిరిన రాయి కంటే ఆ అభ్యంతరమే నన్ను ఎక్కువ బాధిస్తుంది. అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

మన పరవాడ ఈ యాభై ఏళ్లలో గుర్తు పట్టలేనంత మారింది. ఒకవైపు ఉక్కు కర్మాగారం, 2002లో ఉత్పత్తి ప్రారంభించిన సింహాద్రి విద్యుత్కేంద్రం, ఆ తర్వాత ఫార్మా సిటీ. ఉద్యోగాలు వచ్చాయి, మన పిల్లలూ వాటితో బాగుపడ్డారు. కాని భూములు పోయి ఊళ్లు చెదిరినప్పుడు గంగమ్మ జాతరలో ఆడే బృందం కూడా చెదిరిపోతుంది. పొలానికి లెక్క కట్టారు, ఇంటికి లెక్క కట్టారు. పాటకు లెక్క కట్టే పట్టిక ఏ ఆఫీసులోనూ లేదు.

అందుచేత సభ్యులకు నాదొక మనవి. ఆఫీసులో ఫైలు ముగించేటప్పుడు మనం డిస్పోజలు వేసేవాళ్లం. ఎల్.డిస్. అయితే కొంతకాలం ఉంచి తగలబెట్టడం, ఆర్.డిస్. అయితే శాశ్వతంగా రికార్డు రూములో ఉంచడం. మన ఊళ్ల కళలకు ఎల్.డిస్. పడుతోంది. దానిని ఆర్.డిస్.గా మార్చడం మన చేతిలో పని. ప్రదర్శనశాలల్లో వస్తువు చేరగానే నంబరు వేసి, తేదీ, ఎవరిచ్చారు, ఏ ఊరు అని చిట్టా రాస్తారు. అది మన ఇన్‌వర్డ్ రిజిస్టరు వంటిదే. మనకంటే బాగా ఆ పని ఎవరు చెయ్యగలరు?

ప్రతి సభ్యుడూ ఇంట్లోని పాత నాటకాల కరపత్రాలు, ఫోటోలు బయటికి తీసి, వెనక పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. ఊళ్లో మిగిలిన తప్పెటగుళ్లవారిని, జముకుల కథవారిని, భాగోతంవారిని కూర్చోబెట్టి వాళ్ల మాటలు రికార్డు చేయించండి. ఫోను పనులు మనవలకు అప్పజెప్పండి. బృందం అని రాసి ఊరుకోవద్దు. ప్రతి మనిషి పేరూ, తండ్రి పేరుతో సహా రాయండి. 2026తో నూరేళ్లు నిండే విశ్వకళాపరిషత్తువారికి వాటి నకళ్లు మన సంఘం తరఫున సమర్పిద్దాం.

నా మటుకు నేను కిందటి నెల ఒక నోటు పుస్తకం కొని మొదలుపెట్టాను. మొదటి వరస, క్రమసంఖ్య 1. అందులో గురువుతాత పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, వాయించిన వాద్యం రాశాను. ఆధారం అన్న గడిలో, నేను కళ్లారా చూశాను అని రాసి సంతకం పెట్టాను.

సెలవు.