మన్నెం జ్వరం కాదిది

2020 ఏప్రిల్ 2, శ్రీరామనవమి. భద్రాచలం మిథిలా స్టేడియం బోసిపోయింది. సీతారాముల కల్యాణం భక్తులు లేకుండా గుడి లోపలే జరిగిపోయింది. లాక్‌డౌన్ ఎలా ఉంటుందో గోదావరి ఒడ్డుకు ఆ రోజే తెలిసింది. కరోనా రోగం ఎలా ఉంటుందో తెలియడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

ఆగస్టు 3న సున్నం రాజయ్య పోయారు. మూడుసార్లు భద్రాచలం ఎమ్మెల్యే. అయినా బస్సుల్లో, ఆటోల్లో తిరిగిన మనిషి. ఆయన ఊరు సున్నంవారిగూడెం 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రలో కలిసింది. ఊరొక రాష్ట్రం, అలవాటైన భద్రాచలం ఆసుపత్రి ఇంకో రాష్ట్రం. కరోనా అని తేలాక విజయవాడ తీసుకెళ్లారు గానీ దక్కలేదు.

భద్రాచలం మన్నెం అడవిలో జ్వరమంటే ముందు మలేరియానే గుర్తొస్తుంది. రక్తపరీక్ష, క్లోరోక్విన్ బిళ్లలు తరాలుగా తెలిసినవే. తమాషా ఏమంటే, ప్రపంచమూ మొదట ఆ బిళ్ల తోబుట్టువు హైడ్రాక్సీక్లోరోక్విన్ వెంటే పరుగెత్తింది. ఆసుపత్రిలో చేరిన కరోనా రోగికి దాంతో ఒరిగేదేమీ లేదని 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ తేల్చింది. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణాల్లో కాపురం పెడుతుంది. కరోనా వైరస్ ముక్కులో, ఊపిరితిత్తుల్లో ఏసీఈ2 అనే గ్రాహకాన్ని పట్టుకుని కణంలోకి దూరుతుంది. చాలామందికి జ్వరం, దగ్గుతో సరిపోతుంది. కొందరికి రెండో వారంలో ఒంట్లోని రక్షణ వ్యవస్థే కట్టు తప్పుతుంది. ఊపిరితిత్తుల గాలితిత్తుల్లో నీరు చేరుతుంది, రక్తం గడ్డలు కడుతుంది. ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవచ్చు. వేలికి తగిలించే చిన్న ఆక్సిమీటర్ ఇంటింటికీ అవసరమైంది అందుకే.

అదే జూన్‌లో అదే ట్రయల్ పనికొచ్చే మందునూ చూపింది. అది డెక్సామెథసోన్, చవక స్టెరాయిడ్. రోజుకు 6 మిల్లీగ్రాములతో వెంటిలేటర్ మీదున్నవారి మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ పెట్టినవారివి ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివారికి మాత్రం మేలు కనిపించలేదు. జనం మాత్రం రెండో వేవ్‌లో రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం అప్పులు చేశారు. దొరకని మందు మీదే మనకు గురి ఎక్కువ!

నిజానికి అప్పుడు కావలసింది ఊపిరి. భద్రాచలానికి గోదావరి అవతల సారపాకలోని ఐటీసీ కాగితపు మిల్లు 2021లో చుట్టుపక్కలకు ఆక్సిజన్ పంపడం మొదలుపెట్టింది. ఆ జూన్ 21న అడవిలో మావోయిస్టు నేత హరిభూషణ్ కరోనా లక్షణాలతో చనిపోయారని పార్టీ ప్రకటించింది. లొంగిపోతే వైద్యం చేయిస్తామని పోలీసులు పిలుస్తూనే ఉన్నారు. సారపాక సిలిండర్ అంత లోపలికి వెళ్లే దారి లేదు.