మంత్రసాని

తెలుగు పల్లెల్లో ఇళ్లకు వెళ్లి పురుడు పోసే స్త్రీ. ఈ విద్య పెద్దల వెంట తిరిగి, చేతి అనుభవంతో నేర్చుకున్నది. నొప్పులు పడుతున్న గర్భిణిని నడిపించడం, గొంతుకూర్చోబెట్టడం, నడుము నిమరడం, ధైర్యం చెబుతూ ఓపిగ్గా కనిపెట్టుకొని ఉండటం ఆమె పద్ధతులు. ఆగని రక్తస్రావం, అడ్డం తిరిగిన బిడ్డ, బొడ్డు కోతతో సోకే ధనుర్వాతం వంటి ఆపదలకు మాత్రం ఆధునిక వైద్యమే దిక్కు.

2005లో ఆసుపత్రి కాన్పులను ప్రోత్సహించే జననీ సురక్షా యోజన పథకం మొదలయ్యాక ఆసుపత్రి కాన్పులు బాగా పెరిగాయి, తల్లుల మరణాలు తగ్గాయి. అయితే కోత కాన్పులూ మితిమీరాయి: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మొత్తం కాన్పుల్లో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం.

మంత్రసాని పద్ధతిలో లాగే కాన్పు గదిలో తోడు మనిషి ఉండాలని, తల్లి తనకు అనువైన భంగిమ ఎంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. తెలంగాణ ప్రభుత్వం నర్సులకు మిడ్‌వైఫరీ (కాన్పు సంరక్షణ) శిక్షణ ఇస్తోంది. మంత్రసాని ఓర్పు, ఆసుపత్రి భద్రత రెండూ ప్రతి తల్లికీ దక్కాలి.