కోనసీమ ఓటుపెట్టెకు చట్టపు కాపలా

1952 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల్లో, అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉన్న అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల ఓటరు చీటీపై ముద్ర వేసేవాడు కాడు. అభ్యర్థికొకటి చొప్పున చిహ్నం అంటించి పెట్టిన ఇనుప పెట్టెల్లో తనకు నచ్చినదానిలో చీటీ వేసి వచ్చేవాడు. కాబట్టి ఒక పెట్టె మాయమైతే ఆ కేంద్రంలో ఒక అభ్యర్థి ఓట్లన్నీ మాయమైనట్టే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం పెట్టె పోయినా పాడైనా తిరిగి పోలింగుకు వీలు కల్పించగా, 1961 నియమాలు ఖాళీ పెట్టెను ఏజెంట్లకు చూపించి, ప్రిసైడింగ్ అధికారితోపాటు కోరిన ఏజెంట్లు కూడా సంతకం చేసిన కాగితపు సీలు అమర్చాకే ఓటింగ్ మొదలుపెట్టాలన్నాయి. పెట్టెలు గోదావరి పాయలు దాటి పడవ మీద రావలసిన లంక గ్రామాల విషయంలో, అభ్యర్థి మనిషికి మిగిలిన భరోసా ఆ సంతకమే.

యంత్రం వచ్చాక చట్టం వెనకబడింది. 1982లో కేరళలోని పరవూరులో 50 కేంద్రాల్లో ఈవీఎంలు వాడితే, చట్టంలో యంత్రం ప్రస్తావనే లేదని 1984లో సుప్రీంకోర్టు అక్కడ తిరిగి పోలింగ్ జరపమంది. 1989 మార్చి 15న అమల్లోకి వచ్చిన సవరణ యంత్రాన్ని అనుమతించడమే కాక, పోలింగ్ కేంద్రాన్ని బలవంతంగా ఆక్రమించి ఓట్లు వేసుకోవడాన్ని, అంటే జనం రిగ్గింగ్ అని పిలిచేదాన్ని, ప్రత్యేక నేరంగా గుర్తించింది; ఇప్పుడు చట్టం దానికి ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు విధిస్తుంది; నేరస్థుడు ప్రభుత్వోద్యోగి అయితే ఆ శిక్ష మూడు నుంచి అయిదేళ్లు. 2004కల్లా కోనసీమ అంతటా శాసనసభ, లోక్‌సభ ఓట్లు ఈవీఎంలలోనే పడ్డాయి.

2010లో హైదరాబాదు ఇంజనీరు వేమూరి హరిప్రసాద్ విదేశీ పరిశోధకులతో కలిసి ఈవీఎం లోపాలు చూపినప్పుడు, ఆ యంత్రం ముంబయిలో ప్రభుత్వ భద్రత నుంచి బయటపడిందన్న కేసులో ఆయన అరెస్టయ్యారు. నిజానికి ఎక్కువ చర్చ జరగవలసింది తాళం వేసిన గది నుంచి యంత్రం ఎలా బయటపడగలిగిందన్న దానిమీద. ఓటు ఎవరికి పడిందో ఓటరుకు చీటీ మీద చూపే వీవీప్యాట్ 2013లో నియమాల్లో చేరింది. చంద్రబాబు నాయుడు మొదటి పిటిషనరుగా సాగిన వ్యాజ్యంలో, శాసనసభ నియోజకవర్గానికి అయిదు వీవీప్యాట్‌ల చీటీలు లెక్కించాలని 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఏడాది శాసనసభ ఎన్నికల్లోనే రాజోలు ఫలితం 814 ఓట్ల తేడాతో తేలింది.

ఇదంతా పార్లమెంటు చేసిన చట్టం సంగతి. పంచాయతీ ఓటుకు కాపలా రాష్ట్ర శాసనసభది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం కింద, రాష్ట్ర ఎన్నికల సంఘం పర్యవేక్షణలో ఆ ఎన్నికలు జరుగుతాయి. 2021 ఫిబ్రవరిలో సర్పంచులను ఎన్నుకున్నప్పుడు కోనసీమ పల్లెల్లో ఓటు మళ్లీ బ్యాలెట్ పెట్టెలోనే పడింది.