గోడమీది ఉష్ణనియామకము

శీతల దేశములలో ఇండ్లను, పాఠశాలలను వెచ్చగా ఉంచుట నిత్యావసరము. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమందలి వైట్‌వాటర్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో వారెన్ జాన్సన్ అను ఆచార్యుడుండెను. గదిలో వేడిమి ఎంతయున్నదో చూచుటకు నౌకరు మాటిమాటికి తరగతిలోనికి వచ్చెడివాడు, పాఠము ఆగిపోయెడిది. ఈ చిక్కు తీర్చుటకై జాన్సన్, నేలమాళిగలో గంట మ్రోగించు విద్యుత్ ఉష్ణనియామకమును నిర్మించి, 1883లో పేటెంటు పొందెను.

1953లో హనీవెల్ సంస్థ గుండ్రని నియామకమును విడుదల చేసెను. అందు రెండు లోహపు రేకులను అతికించి చుట్టిన చుట్ట యున్నది. ఆ లోహముల వ్యాకోచము సమానము కాదు. కనుక వేడిమి మారినపుడు చుట్ట బిగియును, లేదా సడలును. దానికి అమర్చిన గాజుబుడ్డి ఒరిగి, లోపలి పాదరసము జారి, విద్యుద్వలయమును కలుపును, లేక విడదీయును. కొలిమి వెలుగును, ఆరును.

2011లో వచ్చిన నెస్ట్ వంటి ఇంటర్నెట్ నియామకములు ఇపుడు ఆ స్థానమును ఆక్రమించుచున్నవి. పాతదానిని ఊడదీయుటకు ముందు విద్యుత్తును ఆపవలెను. పని అంతటితో ముగియదు. చెత్తలో పడి బుడ్డి పగిలినచో పాదరసము గాలిని, నీటిని చేరును. నీటినుండి చేపలకు, చేపలనుండి మనుష్యులకు సంక్రమించును. కావున బుడ్డిని పగులనీయక సేకరణ కేంద్రమున అప్పగింపవలెను. యంత్రము ఆగినను అందలి విషము ఆగదు.