క్రైస్తవ విశ్వాసం, సత్యాన్వేషణ: బెల్లంపల్లి బొగ్గు ప్రాంతం

బెల్లంపల్లి మంచిర్యాల జిల్లాలోని బొగ్గుగనుల పట్టణం. సత్యం ఒక్కటేనని, అది క్రీస్తులో మనిషై వచ్చిందని నమ్మేవారు ఇక్కడ దాదాపు అన్ని దేవుళ్లకూ దండం పెట్టే జనం మధ్య, దేవుడే లేడనే రాజకీయాల పక్కన, ఏ మతాన్నీ తనది అనని రాజ్యం కింద బతుకుతూ వచ్చారు. ఆ సహజీవన చరిత్రే ఈ వ్యాసవిషయం.

నిజాం రాజ్యంలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ దశాబ్దం చివరికి తవ్వకాలు బెల్లంపల్లి వైపు వచ్చాయి. 1929లో కాజీపేట–బల్హార్షా రైలు మార్గం పూర్తయింది. పల్లెల్లో వెట్టి చేసిన మాల, మాదిగ కుటుంబాలకు మస్టర్ పడే పని, నెల తిరిగేసరికి జీతం దొరికింది. బొగ్గు బాయిలోకి దిగేవాడు తట్ట, చెమ్మస్ వంటి పనిముట్లు అందుకునే ముందు మైసమ్మకు మొక్కేవాడు. పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని చోట ఏది నిజం, ఎవరిని నమ్మాలి అన్నవి తీరిక వేళ మాటలు కావు.

క్రైస్తవం ఈ ప్రాంతానికి ఒకే దారిలో రాలేదు. మెదక్ కేంద్రంగా వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆ పని దాని కిందికి వచ్చింది, 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడింది. కేరళ నుంచి వచ్చిన సీఎంఐ అనే కథోలిక సభ గురువులకు 1962లో చాందా (చంద్రాపూర్) మిషన్ అప్పగించారు. ఆదిలాబాద్ జిల్లా అందులో భాగం. 1999లో ఆదిలాబాద్ విడిగా సీరో మలబార్ మేత్రాసనమైంది. ఇప్పుడు బెల్లంపల్లి పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఈ పాత సంస్థలు కావు, కల్వరి మినిస్ట్రీస్ వంటి స్వతంత్ర సంఘాలు.

సత్యం గురించిన అసలు వాదం తెలంగాణ గడ్డ మీద ఇంకా ముందే జరిగింది. ఇల్లందు గనుల రైలు దారి చీలే డోర్నకల్‌కు వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1930ల్లో దళితులు ఊళ్లకు ఊళ్లు క్రైస్తవంలోకి వస్తుంటే గాంధీ అభ్యంతరం చెప్పారు. మతాలన్నీ సత్యం వైపు నడిచే దారులే అయినప్పుడు దారి మార్చడం ఎందుకని ఆయన ప్రశ్న. అంటరానివాడు తనకు విముక్తి కనిపించిన దారి ఎంచుకుంటే ఎవరూ అడ్డు రాకూడదని అజరయ్య జవాబు. అన్ని దారులూ ఒకటే అనే మాట వినడానికి ఉదారంగా ఉంటుంది. కానీ ఊరిబావి దగ్గర నీళ్లు తోడనివ్వని దారిని విడిచిపెట్టిన మనిషికి ఆ మాట న్యాయం చేయదు. ఈ వాదంలో అజరయ్య పక్షమే బలమైనది.

గాంధీ 1931లో దేవుడే సత్యమన్న తన పాత మాటను తిరగేసి, సత్యమే దేవుడన్నారు. నాస్తికుడికి కూడా అందులో చోటు దొరికింది. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా ఆయనతో ఏళ్ల తరబడి చర్చించి, 1951లో దానిపై పుస్తకం తెచ్చాడు.

బెల్లంపల్లిలో నాస్తికత పుస్తకాల దారిన రాలేదు, యూనియన్ ఆఫీసు దారిన వచ్చింది. కార్మిక నాయకుడు గుండా మల్లేష్ 2009లో ఇక్కడి నుంచి సీపీఐ తరఫున శాసనసభకు గెలిచాడు. ఎర్రజెండా కూడా సత్యం ఒక్కటేనని, దాని ప్రకారం బతుకు మార్చుకోవాలని అడిగేదే. ఒకరు చరిత్ర నియమాలను చూపిస్తే మరొకరు సిలువను చూపించారు. క్రైస్తవ సంఘంలో ఆ చూపించే తీరు తర్కం కాదు, సాక్ష్యం. ఉపవాస కూడికలో ఒకామె లేచి, ప్రభువుకు స్తోత్రం చెప్పి, భర్త తాగుడు ఎలా మానాడో, జీతం డబ్బు ఇంటికి ఎలా చేరుతోందో చెబుతుంది. విన్నవాళ్లు మర్నాడు క్వార్టర్ల దగ్గర ఆ భర్తను చూస్తారు. మాట నిజమో కాదో అక్కడే తేలుతుంది.

అయితే ప్రసంగంలో చెప్పినంత కచ్చితంగా బతుకు ఎప్పుడూ సాగలేదు. మెదక్ ప్రాంతపు పల్లె సంఘాలను పరిశీలించిన పి.వై. లూక్, జాన్ కార్మన్ 1968లో ప్రచురించిన అధ్యయనంలో, బాప్తిస్మం పొందినవారు గ్రామదేవతల పండుగలతో పూర్తిగా తెగతెంపులు చేసుకోలేదని రాశారు. దాన్ని కపటం అనడం తొందరపాటు. ఊరి కూలి, చుట్టరికం, పొలం పని ఆ పండుగలతో ముడిపడి ఉన్నప్పుడు ఒక్కరోజులో తెంచుకోవడం సాధ్యం కాదు. ఇలాంటి ఊరి బంధాలు లేని చోట విశ్వాసానికి కష్టం మరోలా ఉంటుంది. మద్రాసులో బిషప్‌గా పనిచేసి 1974లో ఇంగ్లాండు తిరిగి వెళ్లిన లెస్లీ న్యూబిగిన్‌కు అక్కడ వేరే కష్టం ఎదురైంది. విశ్వాసం ఎవరి ఇంట్లో వారు దాచుకోవలసిన సొంత అభిరుచి అనే సమాజం అది. సువార్త బహిరంగ సత్యమని ఆయన 1980ల్లో పుస్తకాలు రాశాడు. బెల్లంపల్లిలో మతాన్ని ఇంట్లో దాచుకోమని సమాజం అడగలేదు. దాచుకోవలసిన అవసరం చట్టం నుంచి వచ్చింది.

రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని అవలంబించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు రాష్ట్రంలో బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. బెల్లంపల్లి శాసనసభ స్థానం ఎస్సీ రిజర్వుడు. క్రైస్తవుడినని రాసిచ్చిన మాదిగ కార్మికుడి కొడుకు అక్కడ పోటీ చేయలేడు. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో క్రైస్తవులు సుమారు 1.3 శాతం. ఆదివారం మందిరంలో కూర్చుని, కాగితం మీద హిందువుగా మిగిలేవారు ఆ లెక్కలో కనిపించరు. సత్యం కోసం వచ్చిన మనిషి చేత తహసీల్దారు ఆఫీసులో అబద్ధం రాయించే ఏర్పాటు లౌకిక రాజ్యానికి తగదు. మతం మారినవారికి ఎస్సీ హోదా ఇవ్వవచ్చా అని పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది.