కంప్యూటరు తెర అమరికలలో లోపాల పరిష్కారం

కంప్యూటరు తెర అమరికలు అనగా మానిటరు మీద బొమ్మ ఎంత పరిమాణంలో, ఎంత స్పష్టంగా, ఏ రంగులలో, సెకనుకు ఎన్ని మార్లు కనబడవలెనో నిర్ణయించే ఏర్పాట్లు. విడిభాగాలను వేర్వేరుగా కొని కూర్చిన కంప్యూటర్లలో (వీటిని వాడుకలో అసెంబుల్డ్ కంప్యూటర్లు అంటారు) ఈ అమరికలు తప్పే అవకాశం ఎక్కువ. ఒకే కంపెనీ తయారు చేసిన కంప్యూటరులో మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, డ్రైవరు ఒకదానితో మరొకటి పొసగుతున్నాయో లేదో ముందే పరీక్షించి అమ్ముతారు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల భాగాలను ఏరి కొన్నప్పుడు ఆ పరీక్ష భారం కూర్చినవారి మీద, వాడేవారి మీద పడుతుంది. తెర మీద కనబడే లోపానికి తెరనే నిందించడం సహజం. కాని ఆ తొందరలో బాగున్న మానిటరును మార్చి, లోపం మాత్రం అలాగే మిగిలిపోయేవారు ఉన్నారు. లోపం ఎక్కడ ఉన్నదో తేల్చుకొనకుండా అమరికలు మార్చడం గాని, కొత్త వస్తువు కొనడం గాని తగదు.

చిత్రం తెరకు చేరే మార్గం

గ్రాఫిక్స్ భాగం బొమ్మను తయారు చేస్తుంది, కేబులు దానిని మోసుకొని పోతుంది, మానిటరులోని వలయాలు దానిని చుక్కలుగా (పిక్సెళ్ళుగా) వెలిగిస్తాయి. ఇది ఒకవైపు ప్రయాణం మాత్రమే కాదు. మానిటరు కూడా తన వివరాలను కంప్యూటరుకు తెలుపుతుంది. ఈ వివరాల పట్టికను ఈడీఐడీ అంటారు. దీని ప్రమాణాన్ని వెసా అనే సంస్థ 1994లో వెలువరించింది. 128 బైట్ల ఈ మూల పట్టికలో తయారీదారు సంకేతం, తయారైన సంవత్సరం, మానిటరుకు అనువైన రిజల్యూషను మొదలైనవి ఉంటాయి. ఇది అందితేనే కంప్యూటరు సరియైన అమరికను తానే ఎంచుకొనగలదు.

1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన వీజీఏ పద్ధతిలో 15 సూదుల కనెక్టరు ఉంటుంది. ఈ పట్టిక దానిలోని కొన్ని సూదుల ద్వారానే ప్రయాణిస్తుంది. నాసిరకపు కేబులులో ఆ తీగలు లేకపోయినా, నడుమ పెట్టిన కన్వర్టరు లేదా స్ప్లిట్టరు వాటిని కలపకపోయినా బొమ్మ వస్తుంది గాని కంప్యూటరుకు మానిటరు ఎటువంటిదో తెలియదు. అప్పుడది 800×600 లేదా 1024×768 వంటి సురక్షితమైన చిన్న రిజల్యూషనుతో సరిపెట్టుకుంటుంది. జాబితాలో పెద్ద రిజల్యూషను కనబడకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. గ్రాఫిక్స్ డ్రైవరు ఎక్కించకపోవడం రెండవది. విండోసులో డిస్‌ప్లే అడాప్టరు పేరు "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉన్నదంటే ఈ రెండవ కారణమని గ్రహించవచ్చును.

లోపం ఎక్కడిదో తెలుసుకొనుటకు ఖర్చు లేని పరీక్షలు రెండు ఉన్నాయి. మొదటిది, మానిటరు మీది మీటలతో దాని సొంత మెనూను తెరవడం. ఆ మెనూ గీతలు గాని మినుకు గాని లేకుండా కనబడితే మానిటరు ప్యానెలు, దాని దీపం చాలవరకు బాగున్నట్లే. రెండవది, లోపం కనబడుతున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి వేరొక కంప్యూటరులో గాని ఫోనులో గాని చూడడం. అక్కడ కూడా అదే లోపం ఉంటే అది బొమ్మ తయారయ్యే చోట, అనగా సాఫ్ట్‌వేరులో గాని గ్రాఫిక్స్ భాగంలో గాని ఉన్నది. అక్కడ బొమ్మ చక్కగా ఉంటే లోపం ఆ తరువాతి మార్గంలో, అనగా బయటికి పంపే అమరికలో, కేబులులో లేదా మానిటరులో ఉన్నదన్నమాట.

తెర ఏమీ చూపనప్పుడు

పంకాలు తిరుగుతున్నా తెర మీద "నో సిగ్నల్" అని వస్తే మొదట కేబులును ఎక్కడ గుచ్చారో చూడవలెను. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరులో కేబులును మదర్‌బోర్డు రంధ్రంలో పెట్టడం అతి సాధారణమైన పొరపాటు. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు కాబట్టి వాటితో మదర్‌బోర్డు రంధ్రం నుండి బొమ్మ రానే రాదు. తరువాత మానిటరు మెనూలో ఏ ఇన్‌పుట్ ఎంచుకున్నారో, కార్డుకు విడిగా ఇవ్వవలసిన విద్యుత్ తీగ తగిలించారో లేదో చూడాలి. అప్పటికీ రాకపోతే కరెంటు పూర్తిగా తీసివేసి, ర్యామును ఊడదీసి గట్టిగా తిరిగి అమర్చాలి.

కొత్తగా కూర్చిన యంత్రం విషయంలో కొంత ఓర్పు కూడా అవసరం. డీడీఆర్5 మెమరీ వాడే బోర్డులు మొదటిసారి వెలిగించినప్పుడు మెమరీని సరిచూసుకొనుటకు కొన్ని నిమిషాలు తీసుకొనవచ్చును. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి మధ్యలో ఆపివేస్తే ఆ పని మళ్ళీ మొదటికి వస్తుంది.

తయారీదారు చిహ్నం, బయోస్ తెర చక్కగా కనబడి, విండోసు మొదలయ్యే సమయంలో తెర నల్లబడితే కేబులును అనుమానించడానికి ముందు డ్రైవరును, రిఫ్రెష్ రేటును పరిశీలించాలి.

రిజల్యూషను, అక్షరాల మసక

పాత సీఆర్‌టీ మానిటర్లకు అనేక రిజల్యూషన్లు ఇంచుమించు సమానంగానే అమరేవి. ఎల్‌సీడీ తెరలో చుక్కల సంఖ్య తయారీలోనే స్థిరపడుతుంది. 1920×1080 చుక్కల తెరకు 1024×768 బొమ్మను పంపితే అడ్డంగా ఒక చుక్కను 1.875 చుక్కలకు, నిలువుగా 1.406 చుక్కలకు సాగదీయాలి. సగం చుక్క వెలిగించడం సాధ్యం కాదు కాబట్టి పక్క చుక్కలతో కలిపి మసకగా చూపుతుంది. రెండు దిశల సాగుదల సమానం కాకపోవడం వలన వృత్తం కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది.

తెలుగు చదివేవారికి ఈ మసక మరింత ఇబ్బంది. ద, ధ అక్షరాల మధ్య, ప, ఫ అక్షరాల మధ్య భేదం ఒక చిన్న గీత మాత్రమే. వత్తులు అసలు అక్షరం కంటే చిన్నవి. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని రిజల్యూషను తగ్గించే అలవాటు చాలామందిలో ఉంది. అది సరియైన పద్ధతి కాదు. రిజల్యూషనును తెర సహజ సంఖ్య వద్దనే ఉంచి, స్కేలింగును 125 లేదా 150 శాతానికి పెంచాలి. తెలుగుకు బదులు డబ్బాలు కనబడడం మాత్రం మానిటరు దోషం కాదు, తగిన ఫాంటు లేకపోవడం.

వీజీఏ కేబులుతో ఎల్‌సీడీ వాడినప్పుడు సరియైన రిజల్యూషనులో కూడా మసక రావచ్చును. మానిటరు మీది "ఆటో" మీటను నొక్కితే అది సాధారణంగా సర్దుకుంటుంది.

అంచులు, రంగులు

టీవీని మానిటరుగా వాడితే అంచులలోని టాస్క్‌బారు తెగిపోవచ్చును. బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు దాచడం టీవీల పాత అలవాటు. దీనిని ఓవర్‌స్కాన్ అంటారు. టీవీ మెనూలో "జస్ట్ స్కాన్", "1:1" వంటి పేర్లతో ఉన్న అమరికతో ఇది పోతుంది. నలుపు బూడిద రంగుగా వెలిసిపోయి కనబడితే కంప్యూటరు 16 నుండి 235 వరకు ఉన్న పరిమిత శ్రేణిని పంపుతుండగా మానిటరు 0 నుండి 255 వరకు ఉన్న పూర్తి శ్రేణిని ఆశిస్తున్నదని అర్థం. గ్రాఫిక్స్ డ్రైవరు అమరికలలో "ఫుల్" అని మార్చాలి. వీజీఏలో ఒక సూది వంగితే ఒక రంగు పూర్తిగా లోపిస్తుంది: నీలం పోతే తెల్లని భాగం పసుపుగా, ఆకుపచ్చ పోతే ముదురు గులాబీగా మారుతుంది.

రిఫ్రెష్ రేటు, కేబులు సామర్థ్యం

144 హెర్ట్జ్ మానిటరు కొన్నవారు అమరికలలో 60 హెర్ట్జ్ అనే ఉండడం గమనించకుండా నెలల తరబడి వాడడం కద్దు. 60 హెర్ట్జ్ వద్ద ఒక్కొక్క బొమ్మ 16.7 మిల్లీసెకన్లు, 144 వద్ద 6.9 మిల్లీసెకన్లు నిలుస్తుంది. కోరిన రేటు జాబితాలో లేకపోతే కేబులు, రంధ్రాల తరగతి చూడాలి. 3840×2160 చుక్కలను, చుక్కకు 24 బిట్ల చొప్పున, సెకనుకు 60 మార్లు పంపుటకు దాదాపు 12 గిగాబిట్లు కావాలి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 అంత మోయలేదు, 30 హెర్ట్జ్ వద్ద ఆగిపోతుంది. 2013లో వచ్చిన 2.0 మోయగలదు.

తప్పు అమరిక నుండి బయటపడుట

మానిటరు చూపలేని అమరికను ఎంచుకుంటే తెర నల్లబడుతుంది, లేదా "అవుట్ ఆఫ్ రేంజ్" అని చూపుతుంది. అప్పుడు ఏ మీటా నొక్కకుండా ఉండడమే మేలు. విండోసు 15 సెకన్లు వేచి చూసి పాత అమరికకు తానే తిరిగి వస్తుంది. కంగారులో ఎంటరు నొక్కితే తప్పు అమరికే ఖాయం కావచ్చును. అలా జరిగితే విండోసు 10, 11లలో స్టార్టప్ సెట్టింగ్స్ తెర నుండి ఎఫ్3 నొక్కి తక్కువ రిజల్యూషనుతో గాని, ఎఫ్4 నొక్కి సేఫ్ మోడ్‌లో గాని ప్రవేశించి సరిచేయాలి. పని మధ్యలో తెర హఠాత్తుగా నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను ఒకేసారి నొక్కి గ్రాఫిక్స్ డ్రైవరును తిరిగి మొదలుపెట్టవచ్చును; తెరిచి ఉన్న దస్త్రాలు దీనివలన మూతపడవు.