భౌగోళిక డేటాబేసుల్లో ఫలితాల వరుస

భౌగోళిక డేటాబేసు ఇచ్చే ఫలితాలను దూరంతో పాటు ధర, రేటింగు, తెరిచి ఉండే వేళలు వంటివీ చూసి వరుసలో పెట్టడం యాభై ఏళ్లుగా సాగుతున్న ప్రయత్నం. దగ్గర్లో మంచి మందుల షాపు ఏదని ఫోనులో వెతికినప్పుడు తెర వెనక జరిగేది ఇదే.

1970లో ఎడ్గార్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించారు. దాని ఆధారంగా ఐబీఎంలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ప్రకటించిన సీక్వెల్ భాషే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. ఇందులో వరుసను అడిగే మాట ‘ఆర్డర్ బై’. అది నిఘంటువు పద్ధతిలో నడుస్తుంది: మొదటి అక్షరం ఒకటే అయితేనే రెండో అక్షరం చూస్తాం. జిల్లా, మండలం, ఊరు లాంటి వివరాలకు ఇది చక్కగా సరిపోతుంది. చిక్కంతా దూరం దగ్గరే. ఒక షాపు 412.38 మీటర్లలో, అంతకన్నా మంచి రేటింగున్న షాపు 412.91 మీటర్లలో ఉన్నాయనుకుందాం. ‘ముందు దూరం, తర్వాత రేటింగు’ అని అడిగితే రేటింగుకు వంతే రాదు. అర మీటరు తేడాకే తీర్పు అయిపోతుంది. దశాంశాల్లో లెక్కగట్టిన రెండు దూరాలు సరిగ్గా సమానం కావడం చాలా అరుదు. ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి ఈ లోపం ఎవరి కంటా పడదు. అందుకే దూరాన్ని 500 మీటర్ల మెట్లుగా విడగొట్టడం, లేదా దూరానికీ రేటింగుకూ తూకం వేసి ఒకే మార్కు ఇవ్వడం వాడుకలోకి వచ్చాయి. మెట్లతోనూ ఇబ్బంది ఉంది: 499, 501 మీటర్ల షాపులు వేర్వేరు మెట్లలో పడతాయి.

వేగం మరో సమస్య. వెతుకులాటను వేగంగా చేసే మామూలు ఇండెక్సు విలువలను ఒకే వరుసలో పేరుస్తుంది, భూమ్మీది చోటుకు రెండు దిక్కులుంటాయి. 1974లో ఫింకెల్, బెంట్లీల క్వాడ్‌ట్రీ, 1984లో ఆంటొనిన్ గట్‌మన్ ఆర్-ట్రీ ఈ అడ్డంకిని దాటించాయి. ఆర్-ట్రీ దగ్గరదగ్గర వస్తువులను ఒక పెట్టెలో, ఆ పెట్టెలను మరింత పెద్ద పెట్టెలో ఉంచుతుంది. 1999లో యాల్టసన్, సామెట్ వివరించిన పద్ధతి దీన్ని ఎంతో అందంగా వాడుకుంది. పెట్టెలనూ వస్తువులనూ కనీస దూరాన్ని బట్టి ఒకే క్యూలో నిలబెడతారు. ముందు పెట్టె వస్తే విప్పి లోపలివి క్యూలో చేరుస్తారు, వస్తువు వస్తే అదే తర్వాతి సమీప ఫలితం. ఎన్ని కావాలో ముందే చెప్పనక్కర్లేదు. తెరిచి ఉన్న షాపులు పది దొరికేదాకా ఒక్కొక్కటే అడుగుతూ పోవచ్చు.

తూకం ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నకు 2001లో బోర్జోనీ, కోస్మన్, స్టాకర్ ‘స్కైలైన్’తో జవాబిచ్చారు. వాళ్ల ఉదాహరణ బహమాస్‌లోని నసావు: సముద్రతీరానికి దగ్గరగా, చవకగా హోటలు కావాలి. ఈ రెండింటిలోనూ మరో హోటలు కంటే తీసికట్టైనవాటిని తీసేసి, మిగిలినవి చూపిస్తారు. ఎంపిక మనిషికే వదిలేశారు. న్యాయమైన పద్ధతి ఇదేనని చెప్పాలి.

కెనడాలోని రిఫ్రాక్షన్స్ రీసెర్చ్ సంస్థ, పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకు భౌగోళిక సౌకర్యాలు జోడించే పోస్ట్‌జీఐఎస్‌ను 2001లోనే విడుదల చేసింది. ఇండెక్సు నుంచే సమీప వరుస తీసుకునే వీలు 2012 నాటి 2.0 వెర్షన్‌తో వచ్చింది. అప్పట్లో అది వస్తువుల చుట్టూ ఉన్న పెట్టెల మధ్య దూరాన్నే చూసేది. వాడేవాళ్లు లోపలి క్వెరీలో వంద ఫలితాలు తీసుకుని, బయటి క్వెరీలో అసలు దూరం లెక్కించి తిరిగి వరుస పెట్టుకునేవారు. 2015లో ఈ శ్రమ తప్పింది. పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షన్‌లో, 2020లో, మొదటి ప్రమాణం ప్రకారం అప్పటికే వరుసలో ఉన్నవాటిని మొత్తంగా కాక, అందులో సమానమైన గుంపుల్లో మాత్రమే తర్వాతి ప్రమాణంతో సర్దే పద్ధతి చేరింది. భౌగోళిక ఇండెక్సులకు ఆ సౌకర్యం అందింది మాత్రం 2024లో, 17వ వెర్షన్‌తో.

తూకం వేసిన మార్కుకు మాత్రం దూరపు ఇండెక్సు నేరుగా సాయపడదు. ముందు సమీపంలోని కొన్నింటిని ఏరి, వాటిని తిరిగి వరుస పెట్టుకోవాల్సిందే. రాసిన క్వెరీలో రెండో ప్రమాణం నిజంగా పనిచేస్తోందా అన్న అనుమానం వస్తే, దాన్ని తీసేసి మళ్లీ నడిపి చూడండి. వరుస మారకపోతే అది పేరుకే ఉన్నట్టు.